అడిగే పని

ముస్తాబాద్ మండలం 2016 అక్టోబర్ దాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉంది. ఒక దిక్కు సిద్దిపేట, ఇంకో దిక్కు సిరిసిల్ల. ఇక్కడ చాలా ఇళ్లలో ఆడవాళ్లు చాట ముందు కూర్చుని బీడీలు చేస్తారు. మగవాళ్లు కొందరు సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) మీద, ఎందరో దుబాయ్‌లో, మస్కట్‌లో, సౌదీలో. ఇలాంటి మండలంలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థను ఊహించుకోండి. బీడీలు చేసే తల్లుల ఆడపిల్లలు పదో తరగతి దాటి ఇంటర్‌లో చేరాలన్నది దాని ఉద్దేశం. సాయంత్రం చదువుల గదులు నడపడం, హాస్టల్ ఫీజులు కట్టడం దాని పని. జీతం మీద ఉన్నది ఇద్దరే. ఊళ్లలో పని చూసేది అన్న, విరాళాలు చూసేది చెల్లె.

ఈ ఇద్దరూ కల్పించిన మనుషులు. వాళ్ల తగువు మాత్రం కల్పితం కాదు, ఇలాంటి సంస్థలు నడిచే ప్రతి చోటా ఉన్నదే. నా మొగ్గు చెల్లె వైపు. అయినా అన్న మాట తేలికైనది కాదు. అది తేలికైనదైతే ఈ సంవాదం రాయాల్సిన పనే ఉండేది కాదు. సమయం ఫిబ్రవరి ఆఖరి వారం.

అన్న: చెల్లె, పోత్గల్ ఊళ్లె మన గదిల పిల్లలకు చెప్పే టీచరమ్మ మానేసింది. పదో తరగతి పరీక్షలు నెత్తి మీదికొచ్చినయి. రేపట్నుంచి సాయంత్రాలు నువ్వు కూసోవాలె. నీకు లెక్కలు మంచిగ వస్తయి.

చెల్లె: నేను రాలేనన్నా. వేరేవాళ్లను చూడు.

అన్న: గంత సూటిగ అంటవేందే? పిల్లల చదువు కోసమే గదా మనం ఇద్దరం ఈడ ఉన్నది?

చెల్లె: అందుకోసమే. జూన్‌ల వాళ్ల హాస్టల్ ఫీజులు కట్టాలె. ఆ పైసలు జూన్‌ల పుట్టవు, ఇప్పుడు పుట్టాలె. మార్చి నెలాఖరుకు లెక్కల సంవత్సరం అయిపోతది. ఇచ్చేటోళ్లు ఇప్పుడే ఇస్తరు. నిరుడు ఇచ్చినోళ్లకు నేను ఇంకా ఒక్క ఉత్తరం సుత రాయలే. ఎందుకు రాయలేదో నీకు ఎరికే. దసరా ముందట సర్వే అన్నవు, పోయిన. సంక్రాంతికి ముగ్గుల పోటీ అన్నవు, పోయిన. జనవరిల ఆఫీసర్లు వస్తున్నరంటే టెంటు కాడ, భోజనాల కాడ నేనే నిలబడ్డ.

అన్న: చిన్న సంస్థల అందరం అన్ని పనులు చెయ్యాలె. నేను గదులు ఊడుస్త, మోటర్ సైకిల్ మీద పుస్తకాలు మోస్త, పిల్లకు జ్వరమొస్తే దవాఖానకు తోలుకపోత. ఇది నా పని కాదు అని ఎన్నడన్న అన్ననా? లాక్‌డౌన్‌ల బియ్యం సంచులు మోసిందెవలు? ఇద్దరం కలిసే మోసినం.

చెల్లె: మోసినం. దానికి నాకు గర్వమే. కానీ ఆ సంవత్సరం సంగతి పూర్తిగ చెప్పుకుందాం. 2020 మార్చి ఆఖర్ల పీఎం కేర్స్ నిధి వచ్చింది. కంపెనీలు దాంట్ల ఇచ్చినా సీఎస్ఆర్ కింద, అంటే సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు కింద, లెక్కే అన్నరు. చాన కంపెనీల పైసలు అటు మళ్లినయి. అదే ఏడు సెప్టెంబర్‌ల విదేశీ విరాళాల చట్టం మార్చిన్రు. ఒక సంస్థ తీసుకున్న విదేశీ పైసలను ఇంకో సంస్థకు ఇయ్యద్దన్నరు. పెద్ద సంస్థల చేతుల మీదుగ బతికే చిన్నవాటికి ఆ దారి మూసుకపోయింది. గసుంటప్పుడు మనకు మిగిలింది మనల్ని ఎరిగిన మామూలు దాతలే. వాళ్లకు ఫోన్ చేసి, ఎట్లున్నరు, పిల్లలు ఇట్ల ఉన్నరు అని చెప్పాల్సిన మనిషి సంచులు మోస్తున్నది. మరుసటేడు సగం మంది ఇయ్యలే. వాళ్లకు మన మీద కోపం లేదన్నా. మనం యాదికి లేము.

అన్న: అంటే సంచులు మోయకుండ ఫోన్లు చెయ్యాల్సి ఉండెనా? ఆకలితో ఉన్నోళ్ల ముందట?

చెల్లె: ఆ పది పదిహేను రోజులు మోయాల్సిందే. ఆరు నెలలు కాదు.

ఇక్కడ అన్న కాసేపు మాట్లాడలేదనుకోండి. అతని వాదంలోని అసలు బలం ఇంకా బయటికి రాలేదు.

అన్న: సరే, ఇంకో తీరుగ అడుగుత. నీ పని అడుగుడు అంటున్నవు. ముస్తాబాద్‌ల ఎవడన్నా ఉత్తరం చూసి పైసలిస్తడా? మనిషి మొఖం చూసి ఇస్తడు. వాళ్లింట్ల పెండ్లికి పోయినమా, చావుకు పోయినమా, దినాలకు కూసున్నమా అని చూస్తడు. గణపతి చందాకు పోరగాళ్లు వస్తే ఎందుకిస్తరు? ఆ పోరగాళ్లు వాడకట్టు పోరగాళ్లు గనుక. నువ్వు బల్ల కాడ కూసుని రసీదులు రాసుకుంట ఉంటే నిన్ను ఎవరు గుర్తుపడ్తరు? గదిల కూసుని పిల్లలకు చెప్తే తల్లులు చూస్తరు, ఊరు చూస్తది. అదే నీ అడుగుడు.

చెల్లె: ఇందుల నిజముంది, కాదనను. పెండ్లికి పోవుడు నా పనే. దుబాయ్‌ల పోయిన మనిషి శవం ఊరికొచ్చినప్పుడు ఆ ఇంటి ముందట నిలబడుడు సుత, పైసల కోసం కాకున్నా, నా పనే. మనుషుల దగ్గరికి పోను అంటలేను. మనుషుల దగ్గరికి పోవాల్సినప్పుడు నన్ను ఇంకో పని మీద పెట్టకు అంటున్న.

అన్న: తేడా ఏందో నాకు సమజైతలేదు.

చెల్లె: సాంచాల కాడ చూసినవు గదా. ఒక్క మనిషి ఎన్నో సాంచాలు చూసుకుంటడు. భీముకు, అంటే నూలు చుట్టిన దిమ్మెకు, పోగులు అతికే వైపని అతను రాలేదని, ఇతను సాంచాలు ఇడిసి ఆ పనికి పోతే, పనికైతే సాయమే. ఈడ పోగు తెగినా సాంచె ఆగది, నడుస్తనే ఉంటది. బట్ట వస్తనే ఉంటది, కరాబు బట్ట. ఆసామి ముందట తాను ఇప్పినప్పుడు తెలుస్తది.

అన్న: భీము రాకపోతే సాంచె మీద ఏం నడుస్తది మరి? వైపని లేకుంటే నీ సాంచెకు పనే లేదు. పోత్గల్‌ల ఈ పిల్లలు పరీక్షల తప్పితే, నువ్వు దాతలకు ఏం రాస్తవు?

ఈ ప్రశ్నకు చెల్లె దగ్గర చటుక్కున చెప్పే జవాబు లేదు. ఉండకూడదు కూడా. విరాళం అడిగే మనిషికి వెనుక పని లేకపోతే అడగడానికి ముఖం లేదు. ఈ రెండింటిలో ఏది ముందు అన్నది ఏ కాగితం మీదా తేల్చలేం. కానీ ఒక్కటి గమనించాలి. గదిలో టీచరమ్మ లేకపోతే ఆ సాయంత్రమే తెలుస్తుంది. దాతకు రాయాల్సిన ఉత్తరం రాయకపోతే ఆరు నెలల దాకా ఎవరికీ తెలియదు. అరిచే పని, అరవని పని పక్కపక్కన ఉంటే మంచి మనసున్న మనిషి ఎప్పుడూ అరిచేదాని వైపే పరుగెత్తుతాడు. చెల్లె రానంటున్నది రాతి మనసుతో కాదు. ఆ పరుగు తనను ఎక్కడికి తీసుకుపోయిందో ఒకసారి చూసింది గనుక.

చెల్లె: పిల్లలు పరీక్షల తప్పితే నాకేం రాయ చేతకాదు, నువ్వన్నది నిజం. అందుకే పోత్గల్‌కు ఒక మనిషిని పెట్టేటందుకు పైసలు తెస్త. మనిషిని వెతుకుడు నీ పని. ఊళ్లె డిగ్రీ చదివే ఆడపిల్లలు లేరా? నెలకు ఇంత అని ఇద్దాం.

అన్న: ఎవల పైసలు?

చెల్లె: అడుగుత. అడగందే అమ్మైనా పెట్టదు.

అన్న: నువ్వు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గురించి మస్తు చెప్తవు గదా. ఆమె ఒక్క పని పట్టుకుని కూసున్నదా? జైలుకు పోయింది, వకీలైంది, రాజ్యాంగ సభల కూసున్నది, 1937ల మద్రాసుల ఆంధ్ర మహిళా సభ పెట్టింది. అన్నీ చేసింది. నువ్వేమో పరీక్షలకు పిల్లల కాడ కూసోనంటవు.

చెల్లె: ఆమె జీవితం మొత్తం మీద అన్నీ చేసింది. ఒక్కోసారి ఒక్కోటి చేసింది. 1921ల చూడు. ఏప్రిల్‌ల గాంధీజీ కాకినాడకు వస్తున్నడు. అంతకు ముందే బెజవాడల కాంగ్రెస్ కమిటీ కూసుని తిలక్ స్వరాజ్య నిధికి జూన్ ఆఖరుకల్లా కోటి రూపాయలు జమ చెయ్యాలని అనుకున్నది. దుర్గాబాయికి పన్నెండేండ్లు సుత నిండలే. దేవదాసీలను, పరదాల ఉండే ముస్లిం ఆడోళ్లను గాంధీజీ ముందట కూసోబెట్టాలని ఆమె పట్టు. గాంధీజీ ఐదు నిమిషాలు రావాలంటే ఐదు వేల రూపాయలు ఇయ్యాలన్నరు నిర్వాహకులు. ఆ ఆడోళ్లతోనే కలిసి ఆ ఐదు వేలు జమ చేసింది. ఐదు నిమిషాలకు అని వచ్చిన గాంధీజీ అంతకు ఎంతో ఎక్కువ సేపు కూసున్నడు. ఆడోళ్లు ఒంటి మీది నగలు తీసి ఇచ్చిన్రు. ఆ రోజు ఆమె పని ఒక్కటే. ఎవల కోసం అడుగుతున్నదో, ఎందుకు అడుగుతున్నదో ఆమెకు తెలుసు.

అన్న: రెండేండ్లకు అదే కాకినాడల, 1923 కాంగ్రెస్ మహాసభలప్పుడు, ఖద్దరు ఎగ్జిబిషన్ గేటు కాడ టికెట్లు చూసే వాలంటీర్ అయ్యింది. అంటే చెప్పిన పని చేసింది. నేను అదే అంటున్న. ఏ పని చెప్తే ఆ పని చెయ్యాలె.

చెల్లె: ఆ గేటు కాడ ఏం జరిగిందన్నా? నెహ్రూ టికెట్ లేకుండ వచ్చిండు. లోపటికి పంపలే. నిర్వాహకులు గుస్స అయిన్రు. మీరు చెప్పిందే చేసిన అన్నది. ఆఖరికి వాళ్లు టికెట్ కొన్నంకనే నెహ్రూను లోపటికి పంపింది. ఆయన ఎంత పెద్దమనిషి అన్నది ఆమెకు అప్పజెప్పిన పని కాదు. టికెట్ ఉన్నదా లేదా, అంతే. ఇయ్యాల నేను నీకు వద్దు అంటున్నది సుత గసుంటిదే. వద్దు అనుడు నాకు సంబురం కాదు.

ఒకే మనిషి జీవితాన్ని ఇద్దరూ రెండు వైపులకూ లాగడం నాకు నచ్చింది. ఆమె జీవితంలో రెండు వైపులకూ చోటుంది. అయితే గేటు దగ్గరి సంగతిలో నన్ను పట్టి నిలిపేది నెహ్రూ పేరు కాదు. ఎగ్జిబిషన్‌కు టికెట్ పెట్టడమూ నిధి సేకరణే. అక్కడ నిలబడిన ఆడపిల్ల ఆ చిన్న టికెట్‌ను తక్కువ చేసి చూడలేదు. మన దగ్గర విరాళాల పని చూసేవాళ్లను మొదట తక్కువ చేసేది బయటివాళ్లు కాదు, సొంత సంస్థే. ఊళ్లలో తిరిగేది అసలు పని, పైసలు అడిగేది అక్కరకొద్దీ చేసే పని అనుకుంటారు. ఆ చూపు ఉన్నంత కాలం ఆ మనిషిని ఎవరు ఏ పనికి పిలిచినా తప్పనిపించదు.

అన్న: ఇంకో సంగతి ఉంది. హైదరాబాద్ కంపెనీ ఉత్తరం. మార్చిలోపట పైసలు ఖర్చు పెట్టాలంట, మన రెండు గదులకు కంప్యూటర్లు ఇస్తరంట, గోడలకు రంగులు ఏస్తరంట. నువ్వు ఇంకా జవాబు ఇయ్యలేదంట. ఇది నీ పనే గదా? ఇది ఎందుకు చేస్తలేవు?

చెల్లె: జవాబు రాసి పెట్టిన. తీసుకోం అని.

అన్న: ఏందే! పైసలు తెచ్చే మనిషి వచ్చే పైసలు వద్దంటదా? మనకు సీఎస్ఆర్-1 నంబర్ సుత ఉన్నది. 2021 నుంచి అది లేకుంటే కంపెనీల సీఎస్ఆర్ పైసలే తీసుకోరాదు. దానికోసం నువ్వే నెల రోజులు తిరిగినవు.

చెల్లె: తిరిగిన. ఆ నంబర్ మన పని కోసం తెచ్చిన, వాళ్ల నెలాఖరు కోసం కాదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేండ్ల సగటు లాభంల రెండు శాతం సీఎస్ఆర్ కింద ఖర్చు పెట్టాలె. సంవత్సరం అయిపోతున్నదంటే కొందరికి తొందర. ఆ తొందర వాళ్లది. మన గదిల కరెంటు సాయంత్రం ఉంటది, పోతది. కంప్యూటర్ చెప్పేటోళ్లు లేరు. ఆర్నెల్లకు వాటి మీద దుమ్ము పడ్తది. వచ్చేడు వాళ్లు అడుగుతరు, ఎంతమంది పిల్లలు నేర్చుకున్నరు అని. నువ్వేం చెప్తవు? అప్పుడు నువ్వు నన్ను పట్టుకుని ఫోటోల కోసం పిల్లలను కూసోబెట్టు అంటవు. అది నేను చెయ్య.

అన్న: కంప్యూటర్లు వద్దంటే ఇంకేమన్నా ఇయ్యమని అడగరాదా?

చెల్లె: అదే రాసిన. రంగులు, కంప్యూటర్లు వద్దు, ఇంటర్ పిల్లల రెండేండ్ల హాస్టల్ ఫీజు ఇయ్యున్రి అని. మార్చిల కుదరకుంటే వచ్చే సంవత్సరం పద్దుల పెట్టున్రి అని.

అన్న: ఇయ్యరు.

చెల్లె: ఇయ్యకపోవచ్చు. ఒక్క చేతి మీద నిలబడే సంస్థ గతి ఏమైతదో మనం చూసినం గదా. సత్యం కంప్యూటర్స్ కంపెనీ రాజుల కుటుంబం 2001ల బైర్రాజు ఫౌండేషన్ పెట్టింది. ఊళ్లల్ల నీళ్ల ప్లాంట్లు, బడులు, దవాఖాన్లు, మంచి పనులు. 2009 జనవరి 7న సత్యం లెక్కలు దొంగవని దాని ఛైర్మన్ రామలింగరాజే ఒప్పుకున్నడు. ఫౌండేషన్ పైసలకు ఆడికే కష్టమొచ్చింది. ఊళ్లె నీళ్లు పట్టుకునే మనిషి చేసిన తప్పేంది అండ్ల? నాకు పెద్ద కంపెనీ ఒక్కటి కాదు, నెలకు రెండు వందలిచ్చే మనుషులు మస్తుమంది కావాలె. వాళ్లను కాపాడుకునేటందుకే నా సాయంత్రాలు కావాలె.

అన్న: రెండు వందలకు రసీదు, ఫోను, ఉత్తరం. ఖర్చెంత, వచ్చేదెంత? గాంధీజీ సుత నీలెక్క రెండు వందల కోసం కూసున్నడా?

చెల్లె: మూడు పౌండ్ల కోసం రాత్రంతా కూసున్నడు. దక్షిణాఫ్రికాల, నాటల్ ఇండియన్ కాంగ్రెస్‌కు చందాలు పోగు చేసేటప్పటి సంగతి, ఆత్మకథల రాసుకున్నడు. ఒక ఇంటాయన ఆరు పౌండ్లు ఇయ్యగలిగి మూడే ఇస్తనన్నడు. వాళ్లు అన్నం ముట్టకుండ కూసున్నరు. తెల్లారినంక ఆరు పౌండ్లు ఇచ్చి అన్నం పెట్టిండు. ఆ మూడు పౌండ్లతోని సంస్థ నడుస్తదా? నడవది. ఇయ్యాల్సిన మనిషి ఇయ్యాల్సినంత ఇస్తెనే ఆ సంస్థ ఆయనది అయితది.

అన్న: ఈడ గట్ల కూసుంటే ఆడమనిషి ఇంటి ముందట ధర్నా చేసిందంటరు.

చెల్లె: కూసోను. నాకు వేరే తొవ్వలున్నయి. దుబాయ్‌ల ఉన్న మన నామాపూర్ పిలగాండ్లు ఏడాదికోసారి జమ చేసి పంపుతమన్నరు. వాళ్ల దగ్గర ఇండియా పాస్‌పోర్టే ఉన్నది. వాళ్ల సొంత జీతంలకెళ్లి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు, మనం తీసుకోవచ్చు. అదే అమెరికాల సిటిజన్ అయిన మనోడు పంపితే, పుట్టింది ఈ ఊళ్లెనే అయినా, అది విదేశీ విరాళమే. మనకు ఆ రిజిస్ట్రేషన్ లేదు, ముట్టరాదు. దుబాయ్ క్యాంపుల వేరే దేశపోళ్లు సుత చెయ్యి కలిపి ఇస్తే అది మళ్ల విదేశీ పైసలే. ఇవన్నీ వాళ్లకు ముందుగాల చెప్పాలె. ఎవరెంత ఇచ్చిన్రో పేరు పేరున రాసుకోవాలె. ఇది ఎవలు చేస్తరు? నేను పోత్గల్‌ల లెక్కలు చెప్పుకుంట ఉంటే, ఎవరో వాట్సాప్‌ల అకౌంట్ నంబర్ పెడ్తరు, పైసలు వచ్చి పడ్తయి. ఎవలవో తెల్వదు. అప్పుడు తిప్పలు పడేది సంస్థంతా.

అన్న: ఈ సంగతి నాకు నిజంగ తెల్వదు.

చెల్లె: తెల్వాల్సిన పని నీకు లేదన్నా. అందుకే నేనున్న. ఇంకోటి. మన పంతుళ్లు ఏటా మార్చిల, విరాళానికి పన్ను మినహాయింపు దొరికే 80జీ రసీదు కోసం ఇచ్చేటోళ్లు. ఇప్పుడు చానమంది కొత్త పన్ను పద్ధతిల ఉన్నరు. అండ్ల ఆ మినహాయింపు లేదు. రెండు వేలు దాటితే నగదు ఇచ్చినోళ్లకు ఎట్లాగూ లేదు. అంటే రసీదు చూసి ఇచ్చే రోజులు పోయినయి. ఇప్పుడు పని చూసి ఇయ్యాలె. ఏ పిల్ల ఏ కాలేజీల చేరింది, ఏ పిల్ల మధ్యల మానేసింది, ఎందుకు మానేసింది, ఇవి చెప్తెనే ఇస్తరు. మానేసిన సంగతి సుత చెప్పాలె.

అన్న: ఆగు. మానేసిన పిల్ల సంగతి నీకెట్ల తెలుస్తది? నువ్వు బల్ల కాడ కూసుంటనంటివి గదా. నేను చెప్పింది రాస్తవు. నేను మంచిగ చెప్తె మంచిగ రాస్తవు. నేను అలిసిపోయి తప్పు చెప్తె నువ్వు అబద్ధం రాస్తవు, నీకే తెల్వకుండ. గందుకే రమ్మంటున్న, చెల్లె. పిల్లలను కండ్ల చూడకుండ పిల్లల పేరు మీద అడుగుడు మంచిది కాదు.

అన్న చెప్పినవాటిలో నేను ఒక్క అక్షరం కూడా కాదనలేనిది ఇదే. నిధుల పని చూసేవాళ్లు మెల్లమెల్లగా ఊళ్లకు దూరమై, చివరికి మూడేళ్ల కింది ఫోటోనే మళ్లీ మళ్లీ పంపే స్థితికి రావడం అన్ని చోట్లా జరుగుతుంది. తన పని మీదే ధ్యాస పెట్టడమంటే ఆఫీసు గది తలుపు వేసుకోవడం కాదు. ఇచ్చినవాళ్లకు చెప్పిన మాట ఊళ్లో నిలబడిందా లేదా అని చూసి రావడం ఆ పనిలోని సగం. చెల్లె కూడా దీనికి తలవంచింది.

చెల్లె: ఈ మాట ముందు చెప్తే ఇంత లొల్లి ఉండకపోవు. నువ్వు పిలిచింది టీచరమ్మ జాగల కూసోవెట్టేటందుకు. నేను వచ్చేది చూసేటందుకు, అడిగేటందుకు. వారానికి ఒక్కరోజు వస్త. పొద్దటి నుంచి తల్లుల కాడ కూసుంట. ఆ రోజు నాకు కుర్చీలు ఏసే పని, మైకు పట్టే పని చెప్పకు. నీ రిజిస్టర్ నాకు చూపియ్యాలె, గైర్హాజరుతో సహా.

అన్న: రిజిస్టర్ చూపిస్త. కుర్చీలు నేనే ఏసుకుంట. పోత్గల్ గది మాత్రం రేపు సాయంత్రం ఖాళీగనే ఉంటది.

చెల్లె: రేపు నువ్వు కూసో. ఎల్లుండి వరకు ముగ్గురు దాతలకు ఫోన్ చేస్త, ఒక డిగ్రీ పిల్ల నెల రోజుల జీతం అడుగుత. పరీక్షలు అయిపోయే దాక.

అన్న: వాళ్లు ఇయ్యకపోతే?

చెల్లె: ఇయ్యకపోతే నా జీతంల కోసుకో అననన్నా. గట్ల అంటే అది పని కాదు, మొండితనం. ఇంకో ముగ్గురిని అడుగుత.

అన్న: కంపెనీ ఉత్తరం మీద మాత్రం నేను ఒప్పుకోను. కంప్యూటర్లు వద్దనే ముందట కమిటీల పెట్టాలె. అది నీ ఒక్కదాని నిర్ణయం కాదు.

చెల్లె: నిజమే. ఆదివారం కమిటీల పెడ్దాం. నువ్వు తీసుకుందామను, నేను వద్దంట. ఏది ఒప్పుకున్నా మినిట్స్ బుక్కుల రాద్దాం. కానీ కంప్యూటర్లు తీసుకుంటే చెప్పే మనిషిని, కరెంటు బిల్లును వాళ్లే రెండేండ్లు భరించాలని ఉత్తరంల ఉండాలె. ఆ షరతు లేకుంటే నేను సంతకం పెట్ట.

అన్న: షరతు రాయి. నేను చూసినంకనే పంపు. ఇగ నేను పోత, పోత్గల్ పిల్లలు ఎదురు చూస్తుంటరు.